గోడ ఈగల ఊరు

ఆ ఒక్క మాట ఓబులమ్మ నోటికి రాలేదు.

పెద్ద మాటేం కాదు. "లేదు" అనే మాట. చేబదులడిగే చుట్టానికీ, చందాల పుస్తకం పట్టుకొచ్చే పెద్దమనుషులకూ రోజుకు పదిసార్లు చెప్పే మాటే. గురవ్వ ముందు చాప మీద కూర్చున్నప్పుడు మాత్రం గొంతులో చేపముల్లులా అడ్డం పడేది.

గురవ్వ అసలు పేరు సుంకులమ్మ. ఎనభై దాటిన మనిషి. గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టింది. తంబుర మీటుతూ తత్వాలు పాడే ఒక ముసలి గురువు వెంట చిన్నప్పుడే ఊళ్ళు తిరిగింది. ఆయన పోయాక ఈ కొండ మీద నిలిచింది. మఠం అనగానే గోపురాలూ గంటలూ ఊహించుకునేరు. రెండు గదులు, ఒక వసారా, వంటకు రేకుల కొట్టం, వెనక వంగతోట. అంతే మఠం.

ఆ మఠానికి ఒక పద్ధతుంది. ఏటా వేసవిలో గురుపూజ నాడు ఉపదేశం కోరే వాళ్ళు వసారాలో కూర్చుంటారు. గురవ్వ ఎదురుగా కూర్చుని ఒక్కొక్కరినీ ఒకే ప్రశ్న అడుగుతుంది.

"యా ఊరు నీది?"

"ఊరు లేదు" అనాలి. అంటే ఉపదేశం. అనలేకపోతే కడుపునిండా అన్నం తిని ఇంటికి పోవాలి. మళ్ళీ ఏడు చూసుకోవాలి.

జనం బాగానే అనేవాళ్ళు. కాంట్రాక్టరు సుబ్బరాయుడైతే "ఊరూ లేదు, పేరూ లేదు, నేనే లేను గురవ్వా!" అని అడిగినదానికంటే నాలుగాకులు ఎక్కువే చదివాడు. చదివి, ఉపదేశం పుచ్చుకుని, పాయసం రెండోసారి వడ్డించుకుని, సాయంత్రం జీపులో తన ఊరికి, తన మేడకు, తన పేరు చెక్కించుకున్న గేటు లోపలికి వెళ్ళిపోయాడు. గురుదక్షిణగా మఠం గోడలన్నిటికీ సిమెంటు పూయించాడు.

ఊరున్నవాళ్ళకు ఊరు లేదనడం ఎంత సులువో చూడండి.

ఓబులమ్మకు నిజంగానే ఊరు లేదు. ఆమె పుట్టిన ఏటిపొన్నూరు, ఆమె పలక పట్టుకుని బడికి పోయే రోజుల్లోనే ప్రాజెక్టు నీళ్ళ కింద పడింది. మఠం వసారాలో నిలబడితే ఆ నీళ్ళే కనబడతాయి. పొద్దు వాలే వేళకు కొండల నడుమ కంచుపళ్ళెంలా మెరుస్తాయి. ఓబులమ్మ రోజూ ఆ వేళకు వసారా స్తంభానికి ఆనుకుని నిలబడి, ఆ వంపు దగ్గర ఏరు తిరిగేది, దాని పక్కన మామిడితోపు, తోపు దాటితే మా వీధి అని కళ్ళతోనే నీళ్ళ కింద నడుచుకుంటూ పోయేది. వీధి చివరికి రాగానే చూపు ఆగిపోయేది. అక్కడ వాళ్ళ మిద్దె.

అందుకే గురవ్వ "యా ఊరు?" అన్నప్పుడల్లా, లోపల కూడదీసుకున్న "లేదు" పక్కకు తప్పుకుని, "ఏటిపొన్నూరు" బయటికి దూకేది.

"నీళ్ళ కింద ఊరు నీదెట్లయితాదమ్మే? అది చేపలది," అనేది గురవ్వ. "పో, అన్నం తిను."

మిగతావాళ్ళయితే అన్నం తిని బస్సెక్కేవాళ్ళు. ఓబులమ్మకు ఎక్కడికెక్కాలో తెలియదు. మూడు పదుల ఏళ్ళు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పి, రిటైరై, పెళ్ళీ పెటాకులూ లేక, అద్దె ఇల్లు ఖాళీ చేసి నేరుగా ఇక్కడికే వచ్చింది. తిని, కంచం కడిగి, మఠంలోనే ఉండిపోయింది. ఏళ్ళు గడిచాయి. ప్రతి గురుపూజకూ కూర్చునేది. ప్రతి గురుపూజకూ అన్నమే దొరికేది.

"నిన్ను జూసి నా వంట మింద నాకే అనుమానమొస్తాంది," అనేది వంట చేసే పీరమ్మ. "ఉపదేశానికి కూసుంటావో, నా పప్పుచారుకు కూసుంటావో."

*

ఓబులమ్మతో ఊరు ఎంత మిగిలిందంటే, ఒక స్టీలు డబ్బాలో పట్టేంత.

ఏటిపొన్నూరులో వాళ్ళ మిద్దె మట్టిగోడ, ఎండ పడే వైపు, జల్లెడలా బొక్కలు పడి ఉండేది. ఆ బొక్కల్లో ఈగలు కాపురముండేవి. తేనెటీగల జాతివే, కానీ తేనెపట్టు పెట్టేవి కావు, గుంపుగా తిరిగేవీ కావు. ఒంటి మీద నీలి పట్టీలతో, గాజుల మలారంలోంచి తప్పిపోయిన గాజుల్లా ఉండేవి. ఊళ్ళో వాటిని గోడ ఈగలనేవాళ్ళు. పండగ ముందు ఓబులమ్మ తల్లి లింగమ్మ గోడలన్నీ ఎర్రమన్నుతో పూసేది. ఆ జాగా రాగానే చెయ్యి పక్కకు తిప్పుకునేది. చిన్నదైన ఓబులమ్మ తడిమన్ను పట్టుకుని అటు పోతే కసిరేది.

"ఆడ పిల్లలుండాయి. చెయ్యి పెట్టొద్దు."

ఊరు ఖాళీ చేసే రోజు జనం గడపలు పెరికారు, దూలాలు దించారు, రోళ్ళు పొర్లించుకుంటూ తెచ్చి లారీ ఎక్కించారు. లింగమ్మ గడ్డపార తెచ్చి గోడకు పెట్టింది. ఈగల బొక్కలున్న జాగాను చుట్టూ కోసి, చిన్న గుమ్మడికాయంత పెళ్ళను ఊడదీసి, తన పాతచీర ముక్కలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది.

లారీ మీద ఉన్న పెద్దాయన నవ్వాడు. "ఏందే లింగీ, కొత్త ఊర్లో మన్ను దొరకదనా?"

"మన్ను దొరుకుతాది చిన్నాయనా. ఇందులో పిల్లలుండాయి."

లారీ లారీ అంతా నవ్వింది. ఊరు విడిచే రోజు జనం నవ్వింది ఆ ఒక్కసారే. ఆ లెక్కన లింగమ్మ మంచిపనే చేసింది.

కొత్త కాలనీలో అన్నీ సిమెంటు గోడలు, రేకుల కప్పులు, చుట్టూ రాళ్ళగుట్టలు. లింగమ్మ పెళ్ళను కిటికీలో పెట్టింది. కొన్నాళ్ళకు ఈగలు ఒక్కొక్కటే మూత తొలుచుకుని బయటికొచ్చాయి. కిటికీ దగ్గర గిరికీలు కొట్టాయి. ఎటో పోయాయి. మళ్ళీ రాలేదు. లింగమ్మ చాలాకాలం ఆ కిటికీ రెక్క మూయలేదు. వానొచ్చినా మూయలేదు. కూతురు హాస్టల్లో ఉండగా, ఒక వానాకాలం జ్వరంతో పోయింది.

ఆ ఈగలు ఎక్కడికి పోయాయో తెలుసుకోవాలనే ఓబులమ్మ జువాలజీ చదివింది. ఎక్కడికి పోయాయో తప్ప తక్కినదంతా తెలుసుకుంది.

ఆ పెళ్ళ ఇప్పుడు మఠంలో ఆమె అలమరాలో, స్టీలు డబ్బాలో, అదే చీర ముక్కలో ఉంది. ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. అమావాస్యకు ఒకసారి తనే మూత తీసి, వాసన చూసి, మూత పెట్టేది.

గురవ్వ ఇదంతా ఎరుగును. ఎరుగుదునని ఏనాడూ అనలేదు.

*

ఒక ఉదయం గురవ్వ వంగతోటలో కాయలు కోస్తోంది. ఓబులమ్మ బుట్ట పట్టుకుని వెనక నడుస్తోంది. ఊదాపువ్వు మీద నీలిపట్టీల ఈగ ఒకటి వాలి, పువ్వును కౌగిలించుకుని, జుయ్యిమని ఒళ్ళంతా వణికించింది. పువ్వులోంచి పసుపుపచ్చని పొడి జలజల రాలి దాని పొట్టకు అంటుకుంది.

గురవ్వ వంగిన నడుమును ఇంకొంచెం వంచి చూసింది. "ఇది యా ఊరిదమ్మే?"

అడిగింది సరైన మనిషినే. ఓబులమ్మ బుట్ట కింద పెట్టింది. రిటైరైన పంతులమ్మను ఆమె పాఠమే అడిగితే ఏమవుతుందో అదే అయింది.

"దీని అవ్వ అవ్వ అవ్వ కందిరీగ, గురవ్వా."

"కందిరీగా? పురుగుల్ని పొడిచి మోసుకపోయి పిల్లలకు పెడ్తాదే, అదా?"

"ఆ జాతే. వాటిల్లో ఒకటి వేట మానింది. పురుగుకు బదులు పువ్వుల పొడి మోసుకపోయి పిల్లలకు పెట్టింది. ఆడ మొదలైంది ఈగ."

"మాంసం మాన్యాది. మరి కొండి?"

"కొండి ఉందవ్వా."

"అంతే, అంతే," అని గురవ్వ ఇంకో కాయ తెంపింది. "మా మఠంలో శిష్యులు గూడా అంతే."

ఓబులమ్మకు నవ్వొచ్చింది గానీ పాఠం ఆపలేదు. "పన్నెండు కోట్ల ఏండ్ల మాట ఇది. అప్పుడు మనిషి పుట్టలేదు. రాక్షసబల్లులు తిరుగుతాండేవి. పూలు అప్పుడప్పుడే కండ్లు తెరుస్తాండాయి. ఆఫ్రికా, దక్షిణ అమెరికా ఒకటే నేలగా కలిసుండేవి. ఆ నేల నడుమ, మన సీమ మాదిరి ఎండ కాసే జాగాలో ఈగ పుట్టింటాదని శాస్త్రం చదివినోళ్ళు లెక్కగట్టినారు."

"మనమూ ఆడే ఉంటిమా?"

"మన దేశం అప్పటికే వాటి నుంచి తెగిపోయి, సముద్రంలో ఒంటరిగా పడవ మాదిరి పోతాండాది. ఈగలు దీని మీదికి చానా ఆలస్యంగా వచ్చినాయి, ఇది పోయి ఆసియాకు తగిలినాక. కొన్ని దక్షిణాన మంచుఖండం మీంచి ఆస్ట్రేలియాకు పోయినాయి. అప్పుడాడ మంచు లేదు, అడవులుండేవి. ఇప్పుడు ఇరవైవేల రకాలకు పైనే ఉండాయి. ఆ మంచు ఒక్కటీ తప్ప అవి లేని ఖండం లేదు."

"అన్నీ తేనె పెడ్తాయా?"

"యాడిదవ్వా! పట్టు గట్టి, రాణిని పెట్టుకోని, గుంపుగా బతికేవి కొన్నే. తక్కినవన్నీ ఒంటరివే. ఒక తల్లి, ఒక బొక్క. తనే తవ్వుతాది, తనే పొడి తెచ్చి ముద్ద జేస్తాది, గుడ్డు పెడ్తాది, మూత పెడ్తాది. పిల్లకు రెక్కలొచ్చి బయటికి వచ్చే పొద్దుకు..." ఓబులమ్మ ఆగింది. "తల్లి ఉండదు. తల్లి పెట్టిపోయిన ముద్ద తిని పెరుగుతాదంతే. మొగం చూసిండదు."

"మరి మొగోళ్ళు?"

"మగ ఈగలకు ఇల్లే లేదవ్వా. పొద్దు గుంకితే ఎండుపుల్లను నోటితో కరుచుకోని ఏలాడి నిద్రపోతాయి."

కొట్టం లోపలినుంచి పీరమ్మ గొంతు వచ్చింది. "మా ఇంటి ఆయప్పా అట్లే పోయినాడు. పుల్లే దొరికిందో, ఇంగేం దొరికిందో."

గురవ్వ నవ్వి, నవ్వు ఆగాక మెల్లగా అడిగింది. "అవి పుట్టిన ఆ నేల ఇప్పుడు యాడుంది?"

"లేదవ్వా. రెండు ముక్కలైంది. నడుమ సముద్రమొచ్చింది."

"నీళ్ళొచ్చినాయి."

"ఆఁ."

"ఎతుక్కుంటా యా ఈగన్నా ఎనక్కి పోయిందా?"

"పోలేదు. యాడ పూలుంటే ఆడికి..." అంటూ ఓబులమ్మ టక్కున ఆగింది. ముఖం కందగడ్డైంది. "గురవ్వా, నువ్వు నన్ను యాడికి తోలకపోతాండావో నాకు తెలుసు. ఈగకు మనసుండదు. ఊరు గుర్తుండదు. నాకుంటాది. ఈగను జూపించి నన్ను మర్చిపొమ్మంటే ఎట్ల?"

"నేనేమన్న్యానే తల్లీ? యా ఊరిదని అడిగితి, అంతే గదా." గురవ్వ ఈగ వంకే చూస్తోంది. "గుర్తుండదంటావు. మరి గూడు ఎట్ల పెట్టాల్నో దానికి ఎవురు జెప్పినారు? తల్లి మొగమే చూసిండదంటివి."

"ఎవురూ చెప్పరవ్వా. అది దాని ఒంట్లోనే ఉంటాది."

"ఊఁ," అంది గురవ్వ. బుట్టలో కాయలు వేసింది. "లేతగుండాయి. గుత్తొంకాయ చెయ్యమను."

*

గురుపూజ సరుకులు ఒకేసారి కొంటే కుదరదని నెలనెలా కొన్ని తెచ్చి పెట్టుకునేవాళ్ళు. అట్లా ఒకరోజు ఓబులమ్మ పొద్దున బస్సుకు టౌనుకు పోయింది. మధ్యాహ్నం సంచులు మోసుకుంటూ కొండెక్కి వచ్చేసరికి మొదట కనబడింది దండెం మీద ఆరేసిన గుడ్డముక్క.

అమ్మ చీర ముక్క. ఉతికి, పిండి, శుభ్రంగా ఆరేసి ఉంది.

సంచులు అక్కడే వదిలేసి వసారాలోకి పరుగెత్తింది. ఎండ పడే వైపు గోడకు సుబ్బరాయుడు పూయించిన సిమెంటు చాటంత మేర పగిలిపోయి ఉంది. కింద గునపం. గురవ్వ గోడ ముందు గొంతుకూర్చుని, తడిమట్టిని అరచేత్తో మెత్తుతోంది. మోచేతుల దాకా ఎర్రమన్ను. పెళ్ళ లేదు. దాన్ని నానబెట్టి, పిసికి, ముద్ద చేసి, ఆ గుంతలో మెత్తేసింది.

ఓబులమ్మ అరిచింది. కొండంతా వినబడింది.

"అది మా అమ్మ! అది మా అమ్మ గురవ్వా! ఎవురు చెప్పినారు నిన్ను తీయమని? ఎవురిదనుకున్యావు?"

"మీయమ్మదే," అంది గురవ్వ, చెయ్యి ఆపకుండా. "మంచి మన్ను. యా మాత్రం రాళ్ళు లేవు."

"నలభై ఏండ్లు దాచినా!"

"దాచినావు. డబ్బాలో పెట్టి, మూత బెట్టి."

"నీకు అమ్మ లేదా? ఊరు లేదా? నీ గుండె రాయా?"

గురవ్వ బొటనవేలితో అంచులు అదిమి నున్నగా చేసింది.

పీరమ్మ కొట్టం గుమ్మంలో నిలబడి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను వద్దంటి అక్కా, వినలే..." అని గొణిగింది. ఖాళీ అయిన స్టీలు డబ్బాలో అప్పటికే కందిపప్పు పోసుకుందన్న సంగతి మాత్రం గొణగలేదు.

ఓబులమ్మ తన సంచి సర్దుకుంది. రెండు చీరలు, కళ్ళజోడు, దండెం మీది తడిగుడ్డ. గురవ్వకు దండం పెట్టలేదు. కొండ దిగి రోడ్డు మీద నిలబడింది. సాయంత్రం బస్సు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. తడిగుడ్డను పిడికిట్లో బిగించి పట్టుకుంది.

కండక్టరు టికెట్ల మిషను పట్టుకుని వచ్చాడు. చిన్న వయసువాడే, చెవి వెనక పెన్సిలు. "యా ఊరమ్మా?"

ఓబులమ్మ నోరు తెరిచింది.

"యా ఊరు పెద్దమ్మా, చెప్పు. ఎనకాల జనముండారు."

టౌను పేరు చెప్పొచ్చు. అక్కడ ఖాళీ చేసిన అద్దె ఇల్లు. కాలనీ పేరు చెప్పొచ్చు. అక్కడ అమ్మ మూయని కిటికీ. అసలు పేరు చెబితే ఆ కుర్రవాడు అటువంటి ఊరే లేదంటాడు. గురవ్వ ముందు ఏళ్ళ తరబడి గొంతు దాటని మాటను వీడు టికెట్టు మిషను చూసి ఎంత సులువుగా అనేస్తాడో!

"యా ఊరో తెలీకుండానే ఎక్కినావా?" అన్నాడు కండక్టరు. వెటకారంగా కాదు. నిజంగానే అడిగాడు.

"దిగుతా నాయనా," అంది ఓబులమ్మ.

బస్సు కొండ మలుపు కూడా తిరగలేదు. దిగి వెనక్కి నడిచింది. వసారాలోకి వచ్చేసరికి పీరమ్మ రాగిసంగటి ముద్ద, గుత్తొంకాయ పళ్ళెంలో పెట్టి మూత వేసి ఉంచింది.

"ఎవురికే ఇది?"

"ఎవురికో," అంది పీరమ్మ. "సల్లారింది. తినేటోళ్ళకు రోషముంటే ఎచ్చబెట్టుకోవాల."

గురవ్వ లోపల తంబుర తీగ సవరించుకుంటోంది.

*

ఓబులమ్మ ఆ గోడ వైపు చూడటం మానేసింది. వసారాలో నిలబడి నీళ్ళు చూడటం మాత్రం మానలేదు. ఇంతకుముందు ఊరు గుర్తొస్తే పోయి డబ్బా మూత తీసేది. ఇప్పుడు తియ్యడానికి ఏమీ లేదు. చూపు నీళ్ళ మీద పడి, వీధి చివరిదాకా పోయి, మిద్దె ముందు నిలబడి, ఎక్కడికీ పోలేక అక్కడే ఉండిపోయేది. గురవ్వతో అవసరానికి మించి మాట్లాడేది కాదు. గురవ్వ కూడా పలకరించేది కాదు. ఇద్దరి మధ్యా పీరమ్మే మాటలు మోసేది, మోసే దారిలో కొన్ని తను కలిపేది.

చలి పోయింది. మోదుగలు పూసి రాలాయి. ఎండ ముదిరింది.

ఒకరోజు ఓబులమ్మ వసారాలో చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. చెవి దగ్గర జుయ్యిమంది. తల విదిలించింది. మళ్ళీ జుయ్యిమంది.

నీలిపట్టీల ఈగ. సిమెంటు గోడంతా పైకీ కిందికీ తిరిగింది. సున్నపు మరకల దగ్గర ఆగింది, కాదనుకుంది. మేకు దిగిన బొక్కలో తల పెట్టింది, కాదనుకుంది. మట్టి మెత్తిన జాగాకు వచ్చేసరికి గాల్లోనే నిలిచిపోయింది. చాలాసేపు అట్లాగే నిలిచింది, గడప ముందు నిలబడి లోపల ఎవరైనా ఉన్నారా అని చూసే మనిషిలా. తర్వాత వాలింది. నోట్లో తెచ్చిన నీటిచుక్కతో మట్టిని తడిపి తవ్వడం మొదలుపెట్టింది.

ఓబులమ్మ చేతిలో చింతపండు చేతిలోనే ఉండిపోయింది.

దీని తల్లి ఎవరో దీనికి తెలియదు. ఏటిపొన్నూరు అనే ఊరొకటి ఉండేదనీ తెలియదు. నేల విరిగి, సముద్రాలు లేచి, మళ్ళీ నేలలు ఢీకొని, ఎక్కడెక్కడి పూలమీదుగానో వచ్చి, లింగమ్మ గడ్డపారతో కోసి ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన మన్నులో ఇప్పుడిది బొక్క తవ్వుతోంది. చిటికెడు మన్ను కిందికి రాలింది. ఓబులమ్మ ఆ మన్నును వేలికి అద్దుకుని వాసన చూసింది.

తడిసిన మన్ను వాసన. డబ్బాలో ఉన్నప్పుడు ఈ వాసన లేదు. ఇన్నేళ్ళూ మూత తీసినప్పుడల్లా ఆమె చూసింది ఇనుప వాసనే.

కొంగు ముఖాన వేసుకుని ఏడ్చింది. పీరమ్మ వచ్చి చూసి, ఏమీ అనకుండా చింతపండు పళ్ళెం తీసుకుపోయింది. ఏమీ అనకుండా ఉండటం పీరమ్మ ఒంటికి పడదు. ఆ రోజుకు పడింది.

వారం తిరిగేసరికి మరో రెండు వచ్చాయి.

*

గురుపూజ ముందు సుబ్బరాయుడు జీపులో వచ్చాడు. గోడ చూసి అదిరిపడ్డాడు. "గురవ్వా! ఎవురు పగలగొట్టిండేది? సిమెంటు ఏసి ఏడాదన్నా కాలేదే! మేస్త్రీని పంపిస్తా, సాయంత్రానికల్లా పూసేస్తాడు."

"అడుగు, ఆడ కాపురముండేటోళ్ళను," అంది గురవ్వ.

సుబ్బరాయుడు బొక్క దగ్గరికి ముఖం పెట్టి చూశాడు. లోపలినుంచి ఒక ముఖం కూడా అతన్ని చూసింది. మళ్ళీ మేస్త్రీ మాట ఎత్తలేదు.

గురుపూజ నాడు పొద్దున్నే జనం కొండెక్కడం మొదలైంది. ఉపదేశానికి కూర్చునే వాళ్ళకు వసారాలో చాపలు పరిచారు. ఓబులమ్మ ఈ ఏడు కూర్చోలేదు.

"ఏంటికక్కా?" అంది పీరమ్మ.

"నాకా మాట రాదే. తప్పుడు మాటను గురవ్వ ముందర పెట్టలేను. ఊరుంది నాకు. నీళ్ళ కింద ఉన్నా ఉంది." అంతటితో తేల్చేసి బకెట్లో సున్నం కలుపుకుంది. ముందురోజు మఠానికి సున్నం కొడుతుంటే రాత్రి పొద్దుపోయి ఎండ వైపు గోడ ఒక్కటీ మిగిలిపోయింది. అది కానిద్దామని కొంగు బిగించింది.

సున్నం కొట్టుకుంటూ వచ్చింది. కుంచె పైకి, కిందికి, పైకి, కిందికి. మట్టి జాగా దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి కుంచెను పక్కకు తిప్పుకుంది. ఆమె తిప్పలేదు. చెయ్యే తిప్పుకుంది. ఎడమ అరచేతిని బొక్కలకు గొడుగులా అడ్డం పెట్టి, చుట్టూ అంచు వెంబడి సన్నగా, మెల్లగా గీసుకుంటూ పోయింది. ఒక్క చుక్క కూడా మట్టి మీద పడకుండా.

వసారాలో తంబుర ఆగింది. వెనక అడుగుల చప్పుడైంది. ఎవరో దగ్గరగా వచ్చి నిలబడ్డారు. నీడ గోడ మీద పడింది.

"యా ఊరమ్మా నీది?"

ఓబులమ్మ తల తిప్పలేదు. ఆమె ప్రాణమంతా కుంచె కొన మీద ఉంది.

"ఉండవ్వా, అడ్డం జరుగు. ఈడ పిల్లలుండాయి, సున్నం పడ్తాది."

అన్నాక, తనేమందో తన చెవులకు వినబడింది. కుంచె గాల్లో ఆగిపోయింది. మెల్లగా తిరిగింది. గురవ్వ నిజంగానే రెండడుగులు పక్కకు జరిగి నిలబడి ఉంది. ఆమె భుజం మీదుగా, దూరంగా, ఆ వంపు దగ్గర నీళ్ళు మెరుస్తున్నాయి. వీధి చివర మిద్దె అక్కడే ఉంది. గోడలో జుయ్యిమంటోంది.

ఓబులమ్మ బకెట్టు దించి, సున్నం చేతులు చూసుకుని, కడుక్కోవడానికి తొట్టి వైపు కదిలింది.

"కడగొద్దు," అంది గురవ్వ, ఉపదేశం చాప చూపిస్తూ. "అట్లే రా."